లేని క్లచ్చును తొక్కిన కాలు

సూర్యాపేటలో చెత్త బండి నడిపే బిక్షపతి, ఇరవై ఏడేళ్లలో హారన్ కొట్టి బండిని వెనక్కి తీసిన రోజులు చాలా తక్కువ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కొట్టేవాడు. ఒకనాడు తెల్లారగట్ల ఒక సందులో కొడితే, బడిపంతులు ఒకాయన లుంగీ ఎగగట్టుకుంటూ బయటికొచ్చాడు. "చెత్త ఎత్తుకపోను వచ్చినవా, మమ్ముల నిద్ర లేపను వచ్చినవా?" అని గేటు పట్టుకుని కేకలు పెట్టాడు. అంతటితో ఊరుకోక కమిషనరుకు అర్జీ రాస్తానన్నాడు. బిక్షపతి ఉద్యోగానికి అప్పటికి నెల కూడా నిండలేదు. పంతులు లోపలికి పోయాక, బండి వెనక ఊడుస్తున్న వీరమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. ఆమె అప్పటికే ఆ సందుల్లో పదేళ్లుగా ఊడుస్తున్న మనిషి.

"హారన్ ఎందుకు బిడ్డా? రెండు రేజులియ్యి, సాలు. నేల అదుర్తది, మా కాళ్లకు తెలుస్తది. పక్కకు జరుగుతం" అంది.

రేజంటే పెద్ద విద్యేం కాదు. ఎడమ కాలితో క్లచ్చు తొక్కిపట్టి, కుడి కాలితో ఎక్స్‌లేటర్‌ను ఒకసారి కొట్టి వదలడం. బండి ఉన్నచోటే ఉంటుంది, ఇంజన్ మాత్రం గుర్రుమంటుంది. ఒక్క రేజు ఇస్తే ముందుకు పోతున్నానని. రెండు ఇస్తే వెనక్కి వస్తున్నానని. ఈ లెక్క ఏ కాగితం మీదా లేదు, ఏ ఆఫీసరూ నేర్పలేదు. ఊడ్చేవాళ్లు నేల మీదికి వంగి ఉంటారు. బండి కదిలిన ప్రతిసారీ నడుము ఎత్తి, చూసి, మళ్లీ వంగాలంటే మధ్యాహ్నానికి నడుము పట్టేస్తుంది. అందుకని వాళ్లు చూడరు, వింటారు. రెండు గుర్రులు వినబడగానే చీపురు ఆపకుండానే ఇళ్ల గోడల వైపు రెండడుగులు జరుగుతారు. బండి వాళ్ల కొంగులను రాసుకుంటూ వెనక్కి పోతుంది.

వీరమ్మ పని మానుకున్నాక ఆమె జాగాలోకి కమలాబాయి వచ్చింది. ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండా మనిషి. బిక్షపతిది కూడా ఆత్మకూరే కాబట్టి మొదటి రోజే "అన్నా" అని వరస కలిపింది. పందొమ్మిదేళ్లుగా అతని బండి వెనకే ఊడుస్తోంది. పందొమ్మిదేళ్లుగా బండి పొగ ఆమె ముఖానికే కొడుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి దగ్గుతుంది. దగ్గు అయిపోయాక మాటను ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడే అందుకుంటుంది.

బిక్షపతి చెవితో బండి నేర్చుకున్నవాడు. తండ్రి బక్కయ్య మిర్యాలగూడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. కొడుకు చదువు ఆరో తరగతిలో ఆగిపోతే, కొన్నేళ్లకు మిల్లు లారీ మీద క్లీనరుగా ఎక్కించాడు. ఆ లారీ డ్రైవరు అతన్ని కళ్లు మూసుకోమని చెప్పి, "ఇప్పుడు ఏ గేరుల ఉన్నది చెప్పు" అనేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. అలా నేర్చిన చెవితో, లారీలో ఉన్నవి తడి వడ్లా, ఎండిన వడ్లా అన్నది ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ పడే ఆయాసాన్ని బట్టి చెప్పగలిగేవాడు. కళ్లు మోసం చేసినా చెవి చేయదని అతని నమ్మకం. కాళ్ల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. కాళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి.

అలాంటి మనిషికి యాభై ఆరో ఏట తన కుడి కాలంటే భయం పట్టుకుంది.

* * *

అతను నడిపే టిప్పరుకు పదిహేనేళ్లు దాటాయి. అంత వయసు పడిన సర్కారు బండ్లకు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయరు కాబట్టి తుక్కుకు పోవాల్సిందే. దాని జాగాలో ఏ బండి రావాలన్నది తేలాలి. శానిటేషన్ పనులు చూసే ఇంజనీరు శ్రీధర్ మూడు రకాల బండ్లు తెప్పించి, ఒక్కోదాన్నీ వారం వారం సందుల్లో తిప్పి చూడమన్నాడు. ఒకటి డీజిల్‌ది, ఒకటి గ్యాసుది, ఒకటి బ్యాటరీది. శ్రీధర్ నిదానస్తుడు. కాగితం మీద గీతలు గీసుకుని, ఏ బండి ఎన్ని కిలోమీటర్లు పోయింది, ఎన్ని ఇళ్ల చెత్త ఎత్తింది అని రోజూ పొద్దున షెడ్డు దగ్గర నిలబడి రాసుకునేవాడు.

డీజిల్ బండి వారం, గ్యాసు బండి వారం మామూలుగానే గడిచాయి. మూడో వారం బ్యాటరీ బండిని కోదాడ నుంచి శ్రీను అనే కుర్రమెకానిక్కు తెచ్చాడు. డ్రైవర్లను చుట్టూ నిలబెట్టి మాట్లాడాడు.

"క్లచ్చు లేదండి, గేర్లు లేవండి. ఇదిగో, స్టీరింగు పక్కన ఈ మీట ఇటు తిప్పితే ముందుకి, అటు తిప్పితే వెనక్కి. కాలు పెట్టి నొక్కటమే. మా కోదాడలో మా అత్తగారు కూడా నడిపేసిందండి."

"మీ అత్త వెనక ఎవరన్న ఊడుస్తుండెనా?" అని కమలాబాయి అడిగింది. అందరూ నవ్వారు. బిక్షపతి కూడా నవ్వాడు. ఆ మాట తర్వాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

మొదటి రెండు రోజులూ పెద్ద రోడ్ల మీద నడిపాడు. బండి బాగుంది. వణుకు లేదు, వేడి లేదు. కానీ ఏదో పోగొట్టుకున్నట్టుండేది. సీటు కింద నుంచి పైకి పాకే అదురు లేకపోతే బండి నడుస్తోందో ఆగిందో ఒంటికి తెలియడం లేదు. కమలాబాయి కూడా అదే మాట ఇంకో రకంగా అంది. "ఇదేందన్నా, బండి ఉన్నదో పోయిందో ఎరికైతలేదు. పిల్లి లెక్క వస్తున్నది" అని. వెంటనే, "అయినా నీ టిప్పరు కంటె నయం. ముక్కుల మసి లేదు" అని కొంగుతో ముక్కు తుడిచి చూపించింది.

మూడో రోజు కూరగాయల మార్కెట్ వెనక సందులకు పోయారు. అవి చివర మూసుకుపోయిన సందులు. తిప్పుకోవడానికి జాగా ఉండదు కాబట్టి బండిని వెనక్కే తోలుకుంటూ లోపలికి పోవాలి, ఇంటింటి ముందూ ఆగాలి. వెనక చక్రాల అవతల కమలాబాయి ఊడుస్తూ, తోపుడు బండిలో పోగులు ఎత్తుతూ ఉంటుంది. బ్యాటరీ బండికి వెనక్కి తిప్పగానే టీక్ టీక్ మని కూత పెట్టే ఏర్పాటుంది. అయితే సందు పొడుగునా బండి వెనక్కి తిప్పిన మీటతోనే ఉండేది కాబట్టి, ఆగినా కూత ఆగేది కాదు. పైన మైకులో తడి చెత్త, పొడి చెత్త పాట. పది నిమిషాలు గడిచేసరికి ఆ కూత కూడా పాటలో కలిసిపోయి ఎవరి చెవికీ ఎక్కలేదు.

నాలుగో ఇంటి ముందు ఆగారు. బకెట్లు ఖాళీ అయ్యాయి. బిక్షపతి అద్దంలో చూశాడు. కమలాబాయి కనబడలేదు. ఆమె ఎప్పుడూ అద్దంలో కనబడదు, వంగి ఉంటుంది కదా. రెండు రేజులిస్తే జరుగుతుంది.

అతను ఆలోచించలేదు. ఎడమ కాలు ఎప్పటిలాగే క్లచ్చు కోసం దిగి, ఉత్త నేలను గట్టిగా తొక్కిపట్టింది. కుడి కాలు ఒకసారి కొట్టి వదిలింది. మళ్లీ ఒకసారి కొట్టి వదిలింది.

గుర్రుమనలేదు. బండి రెండు ఉరుకులు వెనక్కి ఉరికింది. రెండో ఉరుకుకు ఇనుము నలిగిన చప్పుడు.

ఆ తర్వాత మైకులో పాట నడుస్తూనే ఉంది. బిక్షపతి దిగలేకపోయాడు. తలుపు గొళ్లెం చేతికి దొరకలేదు. అద్దంలోకి చూడాలని ఉంది, మెడ తిరగడం లేదు. ఇంజన్ ఉంటే ఆపేవాడు. ఆపడానికి కూడా అందులో ఏమీ లేనట్టనిపించింది.

"అన్నా!"

ఆ గొంతు విన్నాక ఊపిరి ఆడింది. కమలాబాయి నాలుగో ఇంటి గేటు దగ్గర ఉంది. ఆ ఇంటామె డైపర్లు తడి చెత్తలో వేసిందని గొడవ పెట్టుకోవడానికి పోయి, చేతిలో ఆ సంచితోనే నిలబడింది. ఆమె తోపుడు బండి బ్యాటరీ బండి కింద రెండుగా మడతపడి ఉంది. చీపురు కట్ట విరిగి చక్రం కింద కనబడుతోంది. గొడవ పెట్టుకోవాలనిపించకపోతే ఆ చీపురు పట్టుకుని ఆమె అక్కడే వంగి ఉండేది.

"బ్రేకు పడలేదా అన్నా?" అని అడిగింది. భయపడినట్టు కూడా లేదు. సంచి చేతిలోంచి కింద పెట్టలేదు.

"ఆ" అన్నాడు బిక్షపతి. "బ్రేకే."

* * *

ఆ ఒక్క మాట అతన్ని తినేసింది. ఆమె తనకు తానే ఒక సాకు అందించింది, అతను అందుకున్నాడు. అంతే. కానీ దాని వెనక ఏముందో షెడ్డు చేరేలోగా అర్థమైంది. బ్రేకు చెడిపోయిందనుకుంటే బ్రేకు చూస్తారు. బాగుందంటారు, లేదా ఏదో ఒక బోల్టు బిగించి బాగు చేశామంటారు. కమలాబాయి నమ్మి మళ్లీ వెనక నిలబడుతుంది. సీటులో ఉండేది అదే కాలు.

తన కాలేనని చెబితే? అతనిది పర్మినెంటు కొలువు కాదు. యాభై ఆరేళ్ల డ్రైవరు కాలు మాట వినడం లేదని ఇంజనీరుకు తెలిస్తే, మరునాడు సీటులో ఇంకొకరుంటారు. అతనికి వచ్చిన పని ఇదొక్కటే. బండి దిగిన బిక్షపతి ఎవరు? అది అతనికే తెలియదు.

ఆ వారంలో మిగిలిన రోజులు కడుపునొప్పని చెప్పి సందులకు పోలేదు. పెద్ద రోడ్ల మీదే నడిపాడు. నడుపుతున్నంతసేపూ కుడి కాలి వైపు చూసుకునేవాడు. వేరే ఎవరి కాలో తెచ్చి తనకు తగిలించినట్టుండేది. అన్నం తింటుంటే భార్య చంద్రకళ అతని మోకాలు పట్టుకుని ఆపింది.

"ఏందయ్యా ఆ కాలు? కుట్టు మిషను తొక్కినట్టు తొక్కుతున్నవ్."

"నేనా?"

"నువ్వు గాక నేనా? షుగరు ముదిరితె నరాలు గుంజుతయంట. దవాఖానకు పోదాం పా."

"ఏం గాలేదు. ఊకో."

కిందికి చూసుకున్నాడు. కాలు నిజంగానే కదులుతోంది. ఒకటి, రెండు. ఒకటి, రెండు. తనకు తెలియకుండానే.

ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాడు. బావమరిది నర్సింహ అక్కడ బియ్యం మిల్లులో గ్యాసుతో నడిచే లారీ మీద డ్రైవరు. ఊరికే చూసిపోదామని వచ్చానన్నాడు గానీ, మాట మాటకూ లారీ దగ్గరికే పోయాడు. చివరికి సీటెక్కి కూర్చుని, క్లచ్చు తొక్కి, రెండు రేజులిచ్చాడు. ఇంజన్ రెండుసార్లు గుర్రుమంది. బండి కదల్లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవరణలో బస్తాలు మోస్తున్న హమాలీలు ఇద్దరు, తలెత్తకుండానే, లారీ వెనక నుంచి పక్కకు జరిగారు.

"సూసినవా?" అన్నాడు బిక్షపతి. "సూడకుంటనే జరిగిండ్రు."

"జరగకపోతె తొక్కిపోతం గద" అని నర్సింహ నవ్వాడు. "ఏంది బావా, కొత్త పెండ్లికొడుకు లెక్క బండి మీది నుంచి దిగుతలేవ్? మీ ఊళ్లె గూడ గ్యాసు బండ్లే తీసుకుంటున్నరా?"

"తీసుకుంటె మంచిగుండు."

"ఏం మంచి? బంకు కాడ లైనుల నిలబడి నిలబడి కాళ్లు వడిపోతయ్. బ్యాటరీ అయితె రాత్రి పెట్టి పొద్దున తీసుడే. చప్పుడు లేదు, పొగ లేదు. ఆరాముగ పోవచ్చు."

చప్పుడు లేదు. ఆ మాట నర్సింహ మెచ్చుకోలుగా అన్నాడు. బిక్షపతికి నోటిదాకా వచ్చింది. చెబుదామనుకుని, చుట్టూ బస్తాల కింద వంగి నడుస్తున్న మనుషులను చూసి ఆగిపోయాడు. చెబితే నిజమైపోతుందేమోనన్నట్టు. తిరుగు బస్సులో కూర్చుని దేవుణ్ణి ఒకటే అడిగాడు, గ్యాసు బండ్లు రావాలని. గ్యాసు బండ్లు వస్తే తన అబద్ధానికి పని ఉండదు. బ్రేకు సంగతి ఎవరికీ గుర్తుండదు. కమలాబాయి రెండు గుర్రులు విని జరుగుతుంది.

* * *

మంగళవారం పొద్దున శ్రీధర్ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాడు. కోదాడ నుంచి శ్రీను కూడా వచ్చాడు. డంపు యార్డు దాకా పోయే పెద్ద బండ్లు గ్యాసువి తీసుకుందామని తేలినట్టేనని, సందుల్లో తిరిగే వాటికి గ్యాసా, బ్యాటరీనా అన్నదే మిగిలిందని శ్రీధర్ చెప్పాడు.

"కాయిదం మీద నేను రాసుకున్నది వేరు. బండితోని పొద్దంతా ఉండేది మీరు. చెప్పండి" అన్నాడు.

ముందుగా లేచింది కమలాబాయి.

"సారూ, నాకు బండ్ల గురించి ఏం తెల్వది. ఒక్కటే చెప్త. పందొమ్మిదేండ్ల నుంచి పొగ మింగుతున్న. పండుకుంటె దగ్గు, లేస్తె దగ్గు. ఈ బ్యాటరీ బండి వచ్చినంక నాలుగు రోజులు దగ్గకుంట పండుకున్న. మా ఇంట్ల నేను సచ్చిపోయిననుకుని లేపి సూసిండ్రు." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "మాకు ఇదే ఇయ్యిండ్రి సారూ. దానికి బ్రేకు ఒక్కటి బాగు చేయిస్తె సాలు."

శ్రీను లేచి నిలబడ్డాడు. "బ్రేకేంటండీ? బ్రేకుకేమైంది?"

"పడలే. నా తోపుడు బండి పచ్చడయ్యింది. బిక్షపతన్నను అడుగు."

శ్రీను ముఖం పాలిపోయింది. "లేదండి, నేను నిన్న కూడా చూశానండి, బ్రేకు బానే ఉంది. కంపెనీ నన్ను అడుగుద్దండి, ఏం చెప్పమంటారు?" అని శ్రీధర్ వైపు, బిక్షపతి వైపు చూశాడు.

శ్రీధర్ కలం ఆపాడు. "ఏమైంది బిక్షపతీ?"

అందరి చూపూ తన మీదికి తిరిగింది. బిక్షపతికి ఎదురుగా కమలాబాయి ఉంది. ఆమె ఆ బండినే అడుగుతోంది. నాలుగు రోజులు దగ్గకుండా పడుకుందట. గ్యాసు రావాలని మొన్న బస్సులో దేవుణ్ణి అడిగింది గుర్తొచ్చి సిగ్గేసింది. బ్యాటరీ బండే వస్తుంది. ఆమె వెనక వంగి ఉంటుంది, పాట నడుస్తుంటుంది. తను అద్దంలో చూస్తాడు, కనబడదు. అప్పుడు కాలు...

"బ్రేకు మంచిగనే ఉన్నది సారూ" అన్నాడు. లేచి నిలబడ్డాడని అతనికి తెలియలేదు. "అబద్ధం చెప్పిన. నా కాలు."

"కాలేంది?"

చెప్పాడు. మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి. వీరమ్మ, హారన్, రెండు రేజులు, లేని క్లచ్చు. వెనక ఎవరో నవ్వారు. టిప్పరు నడిపే ధర్మా. "ఎక్స్‌లేటర్ తొక్కితె బండి ఉరుకదా? గది గూడ తెల్వదా అన్నా నీకు?" అన్నాడు.

"తెలుసు ధర్మా. తెలిసే తొక్కిన. అదే నా భయం."

శ్రీధర్‌కు సగమే అర్థమైంది. బ్యాటరీ బండిని బయటికి తీయించి, దాని వెనక ఖాళీ డ్రమ్ము ఒకటి పెట్టించాడు. "ఎక్కు. రోజూ సందుల చేసినట్టే చెయ్యి. మైకు పెట్టు" అన్నాడు.

బిక్షపతి ఎక్కాడు. మీట వెనక్కి తిప్పాడు. ఇంతమంది చూస్తున్నారు, తనకు సంగతి తెలుసు, ఇప్పుడే నోటితో చెప్పాడు కూడా. తొక్కను, మెల్లగా నొక్కుతానని కాలికి చెప్పుకున్నాడు. అద్దంలో చూశాడు. ఎడమ కాలు నేలను తొక్కింది.

డ్రమ్ము ఎగిరి గోడకు తగిలింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. బిక్షపతి దిగాడు. శ్రీధర్ డ్రమ్మును మళ్లీ పెట్టించి ధర్మాను ఎక్కమన్నాడు. ధర్మా నవ్వుకుంటూనే ఎక్కాడు. "సూడుండ్రి" అన్నాడు. పాట నడుస్తోంది. కమలాబాయి ఏమనుకుందో, "ధర్మన్నా, ఎనకకు రా, ఎనకకు రా" అని సందులో పిలిచినట్టే పిలిచింది. డ్రమ్ము రెండోసారి గోడకు తగిలింది.

ధర్మా చాలాసేపు సీటులోనే ఉండిపోయాడు. దిగాక తన కాళ్ల వైపు చూసుకున్నాడు. బిక్షపతి వారం రోజులుగా చూసుకుంటున్నట్టే.

ఆ పొద్దు ఐదుగురు పాత డ్రైవర్లు ఎక్కితే ముగ్గురి కాళ్లు అదే పని చేశాయి. శ్రీను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఇట్టా ఎక్కడా చూడలేదండి. మా కోదాడలో ఎవరూ రేజులియ్యరండి" అన్నాడు. శ్రీధర్ నుదురు తుడుచుకున్నాడు. అతని ముఖంలో కూడా ఇప్పుడు భయం కనబడింది. ఇన్నాళ్లూ గీతలు గీసిన కాగితంలో దీనికి గడి లేదు.

"నీ పేరు రిపోర్టుల రాయక తప్పదు బిక్షపతీ" అన్నాడు చివరికి. "నువ్వు యార్డుకు పోయే గ్యాసు బండి తీసుకో. దాని వెనక ఎవరూ ఉండరు. సందులకు కొత్త డ్రైవరును చూస్తం."

బిక్షపతికి గుండెల మీది బరువు దిగినట్టయింది. సీటు పోలేదు, క్లచ్చున్న బండి. వెనక మనిషి లేని బండి. మొన్న మిర్యాలగూడ బస్సులో అడిగింది వేరే దారిలో దొరికింది. "సరే సారూ" అనబోయాడు.

"కొత్త డ్రైవరెవరు సారూ?" అని కమలాబాయి అడిగింది. "ఆయన వచ్చేదాక?"

"వచ్చేదాక ధర్మా నడుపుతడు."

"ధర్మన్న వద్దు. ఇందాక నవ్విండు. ఎక్కి గుద్దినంక భయపడ్డడు. ఈయన గుద్దినకాడికెళ్లి భయపడుకుంటనే ఉన్నడు, మొఖం సూస్తె తెలుస్తలేదా? నా ముంగట భయమున్నోడే ఉండాలె. కొత్తోడైతె అసలే వద్దు, వానికి మేం ఎనక ఉంటమని గూడ తెల్వది."

"అట్ల కాదమ్మా, మళ్ల తొక్కితె?"

ఆమె బండి పక్కకు పోయింది. డ్రైవరు అద్దంలో నిండుగా కనబడే చోటు వెతికి నిలబడింది. చీపురు కర్రతో బండి రేకును రెండుసార్లు కొట్టింది. డబ్, డబ్.

"రేజులు ఇగ మేమిస్తం. గీడ నిలబడి నేను కొట్టినంకనే నువ్వు కాలు పెట్టాలె అన్నా. కొట్టకపోతె పొద్దు పోయినా సరే కాలు పెట్టొద్దు. ఉంటవా?"

బిక్షపతి వద్దనాలనే అనుకున్నాడు. గ్యాసు బండి సీటు కళ్ల ముందుంది. ఆమె కర్ర పట్టుకుని జవాబు కోసం చూస్తోంది. మధ్యలో దగ్గొచ్చింది, దగ్గింది, మళ్లీ చూసింది.

"ఉంట" అన్నాడు.

* * *

సందులకు బ్యాటరీ బండ్లే వచ్చాయి. బిక్షపతి సంగతి మూడు నెలలు చూసి చెబుతానని శ్రీధర్ రిపోర్టులో రాశాడు. బండి కదిలే ముందు వెనక ఉన్నవాళ్లు పక్కకొచ్చి రేకు కొట్టాలని కొత్తగా ఒక కాగితం టైపు చేయించి షెడ్డు గోడకు అంటించాడు. ధర్మా దాన్ని రోజూ ఒకసారి చదివి బండెక్కుతాడు.

బిక్షపతి ఇప్పుడు చెప్పులు విప్పి నడుపుతాడు. ఉత్త పాదమైతే ఏం చేస్తోందో తెలుస్తుందని. ఆగిన ప్రతి ఇంటి ముందూ కుడి కాలును పెడలు మీది నుంచి ఎత్తి, మడిచి, సీటు అంచున పెట్టుకుంటాడు. చూసినవాళ్లకు ఆయన తీరిగ్గా కూర్చున్నట్టుంటుంది. "మహారాజు లెక్క కూసున్నవ్ అన్నా" అని కమలాబాయి ఎగతాళి చేస్తుంది. కాలును అరచేత్తో అదిమి పట్టుకుని ఉంటాడని ఆమెకు తెలుసు.

భయం తగ్గలేదు. తగ్గుతుందేమోనన్నది ఇప్పుడు ఇంకో భయం. ఒకరోజు రెండు దెబ్బలు వినబడక ముందే కాలు దానంతటది దిగింది. పెడలుకు జానెడు దూరంలో పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఉండలేక, మధ్యాహ్నం కమలాబాయికే చెప్పాడు. ఆమె సద్ది తినడం ఆపింది. మరునాటి నుంచి రేకును ఇంకాస్త గట్టిగా కొడుతోంది.

మొన్న మార్కెట్ వెనక సందులో నాలుగో ఇంటి ముందు ఆగారు. బకెట్లు ఖాళీ అయ్యాయి. పాట నడుస్తోంది, కూత నడుస్తోంది. అద్దంలో ఎవరూ లేరు. బిక్షపతి కాలు అదిమి పట్టుకుని కూర్చున్నాడు. దెబ్బలు పడలేదు. ఎదురుగా బైకు మీద ఒకాయన సందులోకి పోయే దారి కోసం హారన్ కొడుతున్నాడు. "ఏయ్ పెద్దమనిషీ, తియ్యి!" అని అరిచాడు. ఇంకోసారి అరిచాడు. పిక్క బిగుసుకుపోతోంది. కాలు దిగుతానంటోంది, ఇరవై ఏడేళ్ల అలవాటు దాని ఎముకల్లో ఉంది. అతను రెండు చేతులతోనూ దాన్ని పట్టుకున్నాడు.

ఎంతసేపైందో తెలియదు. బైకాయన దిగి నడిచి వస్తున్నాడు. బిక్షపతి అద్దం వైపు తప్ప ఎటూ చూడలేదు.

డబ్, డబ్.

అద్దంలో కమలాబాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఎవరి ఇంటిదో సంచి. నోరు కదులుతోంది, ఇంటామెతోనో బైకాయనతోనో గొడవ పడుతోంది.

అతను వెంటనే కాలు దించలేదు. ఆమెను తల నుంచి పాదాల దాకా ఒకసారి చూశాడు, పాదాలు గోడవైపే ఉన్నాయా అని. ఉన్నాయి. అప్పుడు చేతులు తీసి, కాలును మెల్లగా దించాడు.